సంచిలో ఏముందో రాయి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. చిత్తుకాగితాలు ఏరుకునే ఆవిడ మూడు చోట్ల ఏడ్చింది. 'మాసిన చీర' నాలుగుసార్లు వచ్చింది. ఆమె భుజాన ఉన్న సంచిలో ఏముందో మాత్రం ఎక్కడా లేదు. నాకు అదే వెలితిగా తోచింది.

1993లో పుణేలో ఇలాంటి ఆడవాళ్ళే ఎక్కువమంది కలిసి సంఘం పెట్టుకున్నారు. పేరు చూడు: కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్. కాగితం, గాజు, రేకు, కష్టజీవులు. జాలి పుట్టించే మాట ఒక్కటీ లేదు. రోజూ చేతికి తగిలే వస్తువులనే పేరుగా పెట్టుకున్నారు. నువ్వూ అక్కడే మొదలుపెట్టు.

నీళ్ళ సీసా ప్లాస్టిక్ వేరు, దాని మూత ప్లాస్టిక్ వేరు. ఆమె చేత్తో నలిపి, చప్పుడు విని చెప్పేస్తుంది. తెల్లకాగితం, న్యూస్‌పేపరు, అట్ట, దేని రేటు దానిదే. అట్ట తడిస్తే కొట్టువాడు తూకంలో కోత పెడతాడు. నీ కథలో వాన ఉంది కదా, దాన్ని ఆమె కన్నీళ్ళలో కలిపేశావు. ఆ వానకి అట్టలు తడుస్తున్నాయని రాసి ఉంటే ఆమె టెన్షన్ నాకూ పట్టుకునేది.

ఈ పని పాతదమ్మా. చెట్ల గుజ్జుతో కాగితం చెయ్యడం రాకముందు ఐరోపాలో పుస్తకాల కాగితం పాత గుడ్డల నుంచే వచ్చేది. మిల్లుల్లో ఆ గుడ్డలు వేరుచేసి, గుండీలు కోసి, ముక్కలు చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. రాసేవాళ్ళం మనం, ఆ బాకీ మనకుంది.

పుణే సంఘం వాళ్ళలో చాలామంది దళిత స్త్రీలు. 1972 కరువుకి ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళున్నారు. పైన యజమాని ఉండడని, ఇళ్ళలో పాచిపని కన్నా ఇదే నయమనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ మాట నీ కథలోని ఆవిడ నోట ఒక్కసారైనా రావాలి. దొంగలని అనుమానించే ఊళ్ళోనే వాళ్ళు నగరపాలక సంస్థ ఆమోదంతో గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. 2008లో వాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్' అదే సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ చేపట్టింది.

సాయంత్రం తూకం వేళకి మీ పాతసామాన్ల కొట్టు దగ్గరికి వెళ్ళు. ఆమె కాటా వైపు ఎలా చూస్తుందో గమనించు. పని అయ్యేదాకా ఆగి, ఆమెకి ఇష్టమైతేనే మాట్లాడు. కథ తిరగరాశాక పంపు, ఎదురుచూస్తుంటాను.