బీపీ నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేస్తున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ రాశారు. బీపీ నార్మల్ రాగానే మాత్ర మానేస్తారు. అడిగితే ‘వేసుకున్నాలేమ్మా’ అంటారు. షుగరు మాత్ర కరగకుండానే బయటికి వచ్చేస్తోందని దాన్నీ వద్దంటున్నారు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ‘వేసుకున్నారా?’ అంటే ఎవరైనా ఊఁ అనే అంటారు. ‘ఈ వారంలో ఎన్ని తప్పాయి నాన్నా?’ అని అడిగి చూడండి. స్ట్రిప్పులూ లెక్కపెట్టండి. రోజుకొకటి చొప్పున 30 తెస్తే 20 రోజులకు 10 మిగలాలి. 16 ఉన్నాయంటే ఆరు తప్పినట్టే.

మరుపైతే ఫోన్‌లో అలారం సరిపోతుంది. ఆయన కావాలనే మానుతున్నారు కాబట్టి కారణం తేలాలి. బీపీ నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. ఆపితే మళ్లీ పెరుగుతుంది, చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయేమో కనుక్కోండి. అదే కారణమైతే డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు.

ఎస్‌ఆర్ మాత్రలో మందు మెల్లగా ఒంట్లోకి దిగుతుంది, బయటికి వచ్చేది ఖాళీ పొర. విరిచినా నమిలినా ఆ ఏర్పాటు పాడవుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ.

వారానికి ఏడు గదుల డబ్బా మంచిదే గానీ, టెల్మిసార్టాన్ తేమ పీలుస్తుంది. మన ఉక్కపోతలో ముందే ఊడదీసి పెట్టొద్దు. కత్తెరతో రేకుతో సహా ఒక్కోటి కత్తిరించి వేయండి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఆఖరుకి ఉంచండి.

గ్లిమిపిరైడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. అది టిఫినుతో ముడిపడిన మందు. కార్తీక సోమవారమని ఉపవాసముండి అది వేసుకుంటే షుగరు పడిపోవచ్చు: చెమటలు, వణుకు, తికమక. వెంటనే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకు మళ్లీ షుగరు చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఉపవాసాల సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: మందుల షాపులో ఈసారి వేరే కంపెనీ మాత్రలిచ్చారు. పాతవీ మిగిలాయి. రెండూ వాడాలా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: పెద్దక్షరాల పేరు వదిలేసి, స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు చూడండి. రెండూ ఒకటైతే మందు ఒకటే, ఏదో ఒకటే వేసుకోవాలి. పేరు కింద రెండు మందులుంటే అది కాంబినేషన్. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతూ పాత మెట్‌ఫార్మిన్ విడిగా వేసుకుంటే మోతాదు పెరిగిపోతుంది. తేడా కనిపిస్తే వాడకముందే చీటీతో సహా ఫార్మసిస్టుకు చూపించండి.