యూరప్ 'సేఫ్టీ గేట్' హెచ్చరిక వస్తే ఆ వస్తువు ప్రపంచమంతటా నిషేధమైనట్టేనా?

కాదు, సేఫ్టీ గేట్ అనేది ప్రమాదకరమైన వస్తువుల సమాచారాన్ని యూరప్ దేశాలు ఒకదానికొకటి వెంటనే చేరవేసుకునే వ్యవస్థ మాత్రమే. పాత పేరు రాపెక్స్. యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ ఇందులో ఉన్నాయి.

ఆ దేశాల మధ్య సరుకు స్వేచ్ఛగా తిరుగుతుంది. ఒకచోట పట్టుబడ్డ వస్తువే పక్క దేశపు దుకాణంలోనూ ఉండొచ్చు. అందుకే దాన్ని కనిపెట్టిన దేశం ఫొటో, మోడల్, బ్యాచ్ నంబర్, ప్రమాదం ఏమిటన్న వివరాలను ఈ వ్యవస్థలో పెడుతుంది. మిగతావాళ్లు తమ మార్కెట్లో వెతికి, దొరికితే ఏం చేశారో తిరిగి చెబుతారు. అమ్మకం ఆపించాలా, కొన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించాలా అన్నది ఆయా దేశాల అధికారులు చూసుకుంటారు.

ఉదాహరణకు ప్లాస్టిక్ బొమ్మలు. మెత్తదనం కోసం కలిపే థాలేట్లు అనే రసాయనాల్లో కొన్ని అక్కడ 0.1 శాతం దాటకూడదు. దాటిన బొమ్మ జర్మనీలో పరీక్షకు దొరికిందనుకోండి, స్పెయిన్ మళ్లీ మొదటి నుంచి టెస్టులు చేస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ మోడల్ ఎక్కడుందో వెతికితే చాలు.

చాలామంది పొరపడేది ఇంకోచోట: సేఫ్టీ గేట్ హెచ్చరికల జాబితాలో లేదు కాబట్టి వస్తువు మంచిదే అనుకుంటారు. ఎవరూ తనిఖీ చేయనిది జాబితాలోకి ఎలా వస్తుంది? ఆహారం, మందుల కోసమైతే ఇందులో వెతకడమే దండగ, వాటికి వేరే వ్యవస్థలున్నాయి.