పిల్లి నడుము పట్టేయలేదు, ఎదకొచ్చింది

రైతు సందేహం: వడ్ల బస్తాల దగ్గర ఎలుకల కోసం ఆడపిల్లిని పెంచుతున్నాం. వయసు ఎనిమిది నెలలు, బరువు రెండుంబావు కిలోలు. నాలుగు రోజులుగా రాత్రింబవళ్లు పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తోంది. నేల మీద పొర్లుతోంది. ముందుభాగం నేలకానించి, వెనకభాగం పైకెత్తి కాళ్లు తొక్కుతోంది. తిండి సగం కూడా తినడం లేదు. నెలన్నరలో ఇలా కావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు గదిలో పెట్టి తలుపేశాం. ఈసారి మొన్న రాత్రి తప్పించుకుపోయి తెల్లారి వచ్చింది. కుక్క తరిమితే నడుము పట్టేసిందని మా అనుమానం. మెడికల్ షాపులో అడిగితే నొప్పికి పారాసిటమాల్ 500 సగం మాత్ర వేయమన్నారు. అరుపులు ఆగడానికి ఆడవాళ్లు నెలసరి వాయిదాకు వాడే మాత్ర కూడా ఇచ్చారు. ఇంకా వేయలేదు. వేయొచ్చా?
– ఓ రైతు, ఉయ్యూరు మండలం, కృష్ణా జిల్లా

సలహా: రెండూ వేయొద్దు. ముందు ఆ పారాసిటమాల్ పారేయండి. మనిషి కాలేయం ఈ మందును విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి దాదాపు లేదు. సగం మాత్రంటే 250 మి.గ్రా., మీ పిల్లి బరువుకు లెక్కేస్తే కిలోకు 110 మి.గ్రా. పైమాటే. కిలోకు 10 మి.గ్రా. దగ్గరే విషం ఎక్కే పిల్లులున్నాయి. అది ఎక్కిందంటే కొద్ది గంటల్లో చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, పిల్లి రొప్పుతుంది. ఇంట్లో ఎవరైనా తెలియక వేసేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది కానీ తొందరగా పడితేనే పనిచేస్తుంది.

ఇక రోగం సంగతి. మీరు రాసినవన్నీ ఎద లక్షణాలు, నడుముకేమీ కాలేదు. నమ్మకం కుదరకపోతే ఒకసారి ఇలా చూడండి. పిల్లి పక్కన కూర్చుని తోక మొదలుకు కాస్త పైన, నడుము మీద అరచేత్తో నెమ్మదిగా నిమరండి. ఎదలో ఉన్న పిల్లి వెంటనే ఛాతీ నేలకు ఆనించి, పిరుదులు పైకి లేపి, తోకను ఒక పక్కకు తిప్పేసి, వెనక కాళ్లు రెండూ మార్చి మార్చి తొక్కుతుంది. నడుము దెబ్బతిన్న పిల్లి అలా లేపలేదు. ముట్టుకుంటే కరుస్తుంది, తోక వేలాడేస్తుంది, వెనక కాళ్లు ఈడుస్తుంది. ఎదలో ఉన్నది మీ కాళ్లకు, గుమ్మానికి, బస్తాలకు ఒళ్లు రుద్దుతుంది, మామూలుకన్నా ఎక్కువ చేరికగా ఉంటుంది. కొన్ని గోడల మీద మూత్రం చిమ్ముతాయి. ఆ రోజుల్లో తిండి తగ్గినా కంగారు పడక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: పిల్లి ఎదలో కుక్కలాగా రక్తం పడదు. కింద రక్తమో చీమో కనిపించిందంటే అది ఎద కాదు, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

మూడుసార్లు ఎందుకు వచ్చిందంటారా? గేదె జత కట్టినా కట్టకపోయినా అండం విడుదలవుతుంది. పిల్లికి సాధారణంగా జత కట్టాకే ఒకటి రెండు రోజుల్లో విడుదలవుతుంది. మీరు గదిలో పెట్టి తలుపేస్తే జత లేదు, అండం విడుదల కాలేదు. వారం రోజులు అరిచి ఆగిపోయింది, రెండు మూడు వారాలకు మళ్లీ మొదలైంది. చలిదేశాల్లో పగలు బాగా తగ్గిపోయే నెలల్లో పిల్లులకు ఎద ఆగుతుంది. మనకు అతి పొడవైన పగలు 13 గంటలైతే, అతి పొట్టిది కూడా 11 గంటల పైనే. దానికి తోడు ఇంట్లో రాత్రి పదింటిదాకా దీపాలు. అందుకని ఇక్కడ ఏడాది పొడవునా ఇదే తంతు నడుస్తుంది. ఆపరేషన్ చేయించకుండా ఆడపిల్లిని పెంచితే నెలలో వారం రోజులు ఈ అరుపులు, పెంకుల మీద గండుపిల్లుల కొట్లాటలు, గుమ్మం దగ్గర మూత్రం కంపు భరించాలి. తలుపు సందు దొరికితే ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు మూడు నుంచి ఐదు కూనలు. కూనలు ఇంకా పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు. గండుపిల్లి జత కట్టేటప్పుడు మెడ పట్టి కరుస్తుంది, ఆ గాట్లు చీము పడతాయి. రోడ్డు మీద పడి తిరిగే పిల్లికి కుక్క కాటు, దాంతో పాటు రేబిస్ ముప్పూ ఉంటుంది.

మొన్న రాత్రి బయటికి పోయింది కాబట్టి కట్టు పడి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో అరుపులు ఆగిపోతే తగ్గిందని సంతోషించకండి, అండం విడుదలై ఉండొచ్చు. ఆ తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. మూడో వారంలో చనుమొనలు గులాబీ రంగుకు తిరిగి కాస్త ఉబ్బితే కడుపుతో ఉన్నట్టు. ఈత 63–65 రోజులకు. కడుపు నిలవకపోతే నెలా పది రోజులు అటూఇటూగా మళ్లీ ఎదకొస్తుంది.

ఇప్పుడు ఆ రెండో మాత్ర. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఊళ్లలో ఈ అలవాటు పెరిగిపోతోంది. నెలసరి వాయిదా మాత్రయినా, పిల్లి అరుపు ఆపుతుందని అమ్మే మెజెస్ట్రాల్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అయినా ఒకే జాతి హార్మోన్లు. అరుపు ఆపుతాయి, నిజమే. కానీ గర్భసంచి లోపలి పొరను ఉబ్బించి చీముకు తావిస్తాయి. కొన్నిటికి వారాల్లోనే రొమ్ములన్నీ నిమ్మకాయల్లా ఉబ్బి, చర్మం పగిలి పుండ్లు పడతాయి. కొన్నిటికి షుగర్ జబ్బు వస్తుంది. రొమ్ములో గడ్డ లేచే అవకాశమూ పెరుగుతుంది. పిల్లికి రొమ్ములో గడ్డ లేచిందంటే నూటికి 85 దాకా క్యాన్సరే. అరుపు విని, పిల్లిని కూడా చూడకుండా, కౌంటర్ మీద నుంచి మాత్ర చేతిలో పెట్టేవారికి ఇవన్నీ తెలియవు. మనిషి మందులు అమ్మే లైసెన్సుంటే పశువుకు వైద్యం చెప్పే అర్హత ఉన్నట్టు కాదు. పురుగుమందుల కొట్టులోనూ ఇంతే. గేదెల గోమార్లకు వాడే మందును పిల్లి పేలకు రాయమంటారు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ జాతి మందులు ఒంటికి రాస్తే పిల్లి వణికి, మూర్ఛలొచ్చి చచ్చిపోగలదు. దయచేసి అడగకండి, వాళ్లు ఇచ్చినా తీసుకోకండి.

దీనికి మందు లేదు, ఆపరేషనే దారి. అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు. ఎదలో ఉండగా రక్తనాళాలు లావెక్కి ఉంటాయి కనుక అరుపులు ఆగిన వారం పది రోజులకు చేయించండి. కడుపు నిలిచినా ఆ దశలో ఇబ్బంది లేదు, దాంతోపాటే పోతుంది. ఐదు వారాలు దాటనిస్తే రక్తస్రావం భయం పెరుగుతుంది. అప్పటిదాకా కిటికీలతో సహా మూసి లోపలే ఉంచండి. ఒక ఈత ఈననిచ్చి చేయిస్తే మంచిదనే మాటకు ఆధారం లేదు. ఆరు నెలల లోపు చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి 91 పాళ్లు, ఏడాదిలోపు అయితే 86 పాళ్లు తగ్గుతుంది. రెండేళ్లు దాటాక ఆ లాభం ఉండదు. మీ పిల్లికి ఎనిమిది నెలలే, సమయం మించిపోలేదు.

మండల ఆసుపత్రులన్నిటిలో పిల్లికి మత్తిచ్చే వసతి ఉండకపోవచ్చు, ముందుగా కనుక్కోండి. మీకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. ముందు రోజు రాత్రి పది తర్వాత తిండి పెట్టొద్దు, నీళ్లు తెల్లారేదాకా ఇవ్వొచ్చు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గోనెసంచిలో మూతి కట్టి తేవద్దు, ఊపిరాడదు. చిల్లులున్న కూరగాయల ట్రే ఒకదాని మీద ఒకటి బోర్లించి, పక్కలు కట్టి, పాత చీర కప్పి తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక ఫ్యాన్ కింద కాకుండా వెచ్చని చోట, నేల మీదే పడుకోబెట్టండి. మంచమెక్కితే మత్తులో పడిపోతుంది. పూర్తిగా తెలివొచ్చి నిలబడ్డాక నాలుగు ముద్దల తిండి చాలు. కుట్ల మీద పసుపు, నూనె, గేదెల గాయానికి వాడే స్ప్రే ఏదీ వద్దు, పిల్లి అంతా నాకేస్తుంది. డెట్టాల్ అసలే వద్దు, ఫినాయిల్ తుడిచిన నేల మీద కూడా పడుకోబెట్టొద్దు. ఈ రెండూ పిల్లికి విషమే. మెడకు డాక్టర్ ఇచ్చిన గరాటు తీయకుండా పది రోజులు లోపలే ఉంచి, 10–14 రోజుల మధ్య కుట్లు తీయించండి. 24 గంటలు గడిచినా తినకపోయినా, కుట్ల దగ్గర తడిగా ఉన్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా వెంటనే తీసుకెళ్లండి.

ఆపరేషనైతే ఎలుకలు పట్టడం మానేస్తుందని భయపడకండి. వేటకు, ఎదకు సంబంధం లేదు. పైగా ఊరు తిరగడం తగ్గి బస్తాల దగ్గరే ఉంటుంది. ఒళ్లు మాత్రం త్వరగా పెడుతుంది, ఇప్పుడు పెట్టే తిండిలో పావు వంతు తగ్గించండి. పాలన్నం ఒక్కటే సరిపోదు, చేపో మాంసమో గుడ్డో రోజూ పడాలి. పొలంలో ఎలుకలకు బ్రోమడయోలోన్ లేదా జింకు ఫాస్ఫైడ్ ఎర పెట్టే రోజుల్లో పిల్లిని వదలొద్దు, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. ఆ ఎలుకను తిన్న పిల్లికీ అదే గతి.

రేబిస్ టీకా వేయించిన మాట మీ ఉత్తరంలో లేదు. మూడు నెలలు దాటిన పిల్లికి వేయించాలి, తర్వాత ఏటా ఒకసారి. ఆపరేషన్ దాకా ఆగకుండా ఈ వారంలోనే వేయించండి. ఈలోగా ఎవరినైనా కరిచినా గీరినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించండి.