ఆర్డర్ పెట్టిన నాటి ధరా, గుమ్మంలో చెప్పిన ధరా?

ప్రశ్న: మాది హనుమకొండ. నెల సరుకులు ఒక ఆన్‌లైన్ సూపర్ మార్కెట్ యాప్‌లో తెప్పించుకుంటాం. మొన్న ఆదివారం రాత్రి ఆర్డర్ పెట్టాను. మొత్తం రూ.3,412 అని చూపించి, ‘మీ ఆర్డర్ ఖరారైంది’ అని మెసేజ్ కూడా పంపారు. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి ఎంచుకున్నాను. మంగళవారం ఉదయం వచ్చిన బిల్లు మాత్రం రూ.3,553. అయిదు లీటర్ల పొద్దుతిరుగుడు నూనె డబ్బా 685 నుంచి 745కు, రెండు కిలోల కందిపప్పు 298 నుంచి 330కి, లీటరు నెయ్యి 640 నుంచి 665కు పెరిగాయి. రెండు కిలోల టమాటాలు అడిగితే కొంచెం ఎక్కువ తూగాయని రూ.4.80 కలిపారు. ప్యాకింగ్ ఛార్జీ అంటూ ఇంకో 19 రూపాయలు. ఇదేమిటని అడిగితే డెలివరీకి వచ్చిన అబ్బాయి, ‘ఈ రోజు ధర ఇంతేనండీ, ఎంఆర్‌పీ లోపే ఉంది కదా’ అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. డబ్బు ఇచ్చి పంపేశాను. మధ్యాహ్నం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ‘డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని మా షరతుల్లో ఉంది, మీరు ఒప్పుకున్నారు’ అంటున్నారు. తర్వాత చూస్తే నెయ్యి ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ రూ.650 అని ఉంది. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక గృహిణి

జవాబు: ఉంది. అయితే ఆ అయిదు తేడాలనూ ఒకే గాటన కట్టకండి. వాటిలో ఒకటి న్యాయమైనదే, ఒకటి ఏకంగా నేరం. మిగతా మూడింటి మీదే అసలు వాదన.

టమాటాలను వదిలేయండి. సరిగ్గా రెండు కిలోలు తూగేలా టమాటాలను ఏ రైతూ పండించలేడు. కిలో రూ.32 చొప్పున మీరు ఆర్డర్ పెట్టారు, అదే ధర మీద 150 గ్రాములు ఎక్కువ వచ్చాయి. మారింది బరువే గానీ ధర కాదు. తూకాన్ని బట్టి బిల్లు మారుతుందని యాప్‌లో ఆ సరుకు దగ్గరే రాసి ఉంటే దానికి వంక పెట్టలేం. కిలో ధరే పెంచి ఉంటే, లేదా రెండు కిలోలు అడిగితే మూడు కిలోలు తెచ్చి పోసి ఉంటే అప్పుడు మాట వేరు.

నెయ్యి సంగతి ఇంకా తేలిక. ప్యాకెట్ మీద అచ్చువేసిన గరిష్ఠ చిల్లర ధర కంటే పైసా ఎక్కువకు అమ్మకూడదని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఇక్కడ మీ ఒప్పందం, వాళ్ల షరతులు, ఆర్డర్ నాటి ధర, డెలివరీ నాటి ధర అన్న చర్చే అనవసరం. రూ.650 ప్యాకెట్‌కు రూ.665 తీసుకోవడం మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నా చెల్లదు. ఇలాంటివి ఎలా జరుగుతాయో ఊహించడం కష్టం కాదు. కొత్త సరుకు కొత్త ఎంఆర్‌పీతో వస్తుంది, కంప్యూటర్‌లో ధర మార్చేస్తారు, గోదాములో చేతికందింది మాత్రం పాత ప్యాకెట్. అది వాళ్ల ఇబ్బందికి కారణం కావచ్చు గానీ మీ దగ్గర ఎక్కువ వసూలు చేయడానికి సాకు కాదు. ఆ ప్యాకెట్ ఖాళీ అయినా పారేయకండి. ధర, తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. మీ జిల్లా తూనికలు, కొలతల శాఖ అధికారికి బిల్లుతో పాటు అది చూపిస్తే చాలు.

ఇక నూనె, కందిపప్పు. ‘ఎంఆర్‌పీ లోపే ఉంది కదా’ అన్న మాట ఆ అబ్బాయి ఒక్కడిదే కాదు, చాలామంది దుకాణదారులూ అదే నమ్ముతారు. ఎంఆర్‌పీ అనేది పైకప్పు. దాని కింద ఎంతకు బేరం కుదిరిందో ఆ ధరకు కట్టుబడి ఉండటం వేరే బాధ్యత. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(6) ఎక్కువ ధర వసూలు మీద ఫిర్యాదుకు నాలుగు కొలమానాలు చెబుతుంది: చట్టం నిర్ణయించిన ధర, సరుకు మీద ముద్రించిన ధర, ప్రదర్శించిన ధరల పట్టికలోని ధర, ఇరుపక్షాలూ ఒప్పుకున్న ధర. ఈ నాలుగింటిలో దేన్ని దాటి తీసుకున్నా ఫిర్యాదు చేయవచ్చు. ఆ అబ్బాయికి తెలిసింది రెండోది. మీది నాలుగోది.

అయితే ధర ఎప్పుడు ఒప్పుకున్నట్టు? కంపెనీ వకీళ్లు కష్టపడేదంతా ఇక్కడే. అల్మరాలో ధర చీటీతో సరుకు పెట్టడం అమ్ముతామన్న ప్రతిపాదన కాదు, కొనడానికి రమ్మన్న ఆహ్వానం మాత్రమేనని ఇంగ్లండ్ న్యాయస్థానం 1953లో బూట్స్ మందుల దుకాణం కేసులో తేల్చింది. మన దగ్గరా ఆ సూత్రాన్ని అంగీకరిస్తారు. దాన్ని పట్టుకుని చాలా యాప్‌లు, ‘ఆర్డర్ అందిందన్న మెసేజ్ రసీదు మాత్రమే, సరుకు బయలుదేరినప్పుడే ఒప్పందం పూర్తవుతుంది’ అని షరతుల్లో రాసుకుంటాయి. మీకు వచ్చిన మెసేజ్‌లో ‘ఖరారైంది’ అని ఉందంటున్నారు కాబట్టి ఆ రాత్రే ఒప్పందం కుదిరిందన్నది నా అభిప్రాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కుదిరిన ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.

పోనీ, వాళ్ల వాదనే నిజమనుకుందాం. ఆదివారం రాత్రి ఒప్పందం కుదరలేదు. అప్పుడు మీరు కూడా దేనికీ కట్టుబడి లేనట్టే కదా! మంగళవారం గుమ్మంలో చెప్పిన రూ.745 అనేది కొత్త ప్రతిపాదన. దానికి వద్దనే హక్కు మీకు పూర్తిగా ఉంది. పాత ధరకు ఇవ్వలేమని ఆర్డర్ రద్దు చేసుకోవడం ఒక ఎత్తు, కొత్త ధర మీ నెత్తిన రుద్దడం మరో ఎత్తు. వాళ్ల షరతులు మహా అయితే మొదటిదానికి పనికొస్తాయి. రెండోదానికి ఎటు తిప్పి చదివినా పనికిరావు.

మీ కేసులో బలహీనత ఒకటుంది. అది ముందే చెప్పాలి. మీరు డబ్బు ఇచ్చి పంపేశారు. ‘కొత్త ధర చెప్పాం, ఆమె చెల్లించారు, అంటే ఒప్పుకున్నారు’ అని వాళ్లు వాదిస్తారు. మీరు అక్కడికక్కడే అడిగారు, అదే రోజు మధ్యాహ్నం ఫోన్ చేశారు. ఇది మీకు కలిసొస్తుంది. కాల్ చేసిన సమయం, ఫిర్యాదు నంబర్ ఇస్తే అది రాసిపెట్టుకోండి. అంతకంటే గట్టి ఆసరా మరొకటి ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలను నోటిఫై చేసింది. వినియోగదారుణ్ని మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను అందులో జాబితాగా ఇచ్చారు. ‘డ్రిప్ ప్రైసింగ్’ అన్న దాని కింద, కొనుగోలు ఖరారయ్యాక ధర బయటపెట్టడం, అంటే డబ్బు కట్టే తెర మీద చూపించిన మొత్తం కంటే ఎక్కువ వసూలు చేయడం అని సూటిగా రాసి ఉంది. మీ బిల్లును చూసి రాశారా అన్నట్టు ఉంటుంది. మీ 19 రూపాయల ప్యాకింగ్ ఛార్జీ కూడా దీని కిందికే వస్తుంది. తప్పనిసరి ఛార్జీలన్నీ కలిపి మొత్తం ధరను ఒకే అంకెగా, విడివిడి వివరాలతో ముందే చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అంతకుముందే చెప్పాయి.

‘షరతులకు మీరు ఒప్పుకున్నారు’ అన్నదానికి జవాబు: ఆ షరతు ఎక్కడ ఉందో చూడండి. డబ్బు కట్టే తెర మీద, మొత్తం పక్కనే, ‘ఈ ధర మారవచ్చు, మారితే మిమ్మల్ని అడిగే పంపిస్తాం’ అని ఉంటే అది వేరు. ఎవరూ తెరవని పేజీలో, చీమ తలంత అక్షరాల్లో ఉంటే దాన్ని సమ్మతి అనడానికి నాకు నోరు రాదు. కొనుగోలుకు సమ్మతి వినియోగదారు స్పష్టంగా ఇవ్వాలి, ముందే టిక్కు పెట్టిన గడులతో తీసుకోకూడదు అని ఆ ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఇంకో పరీక్ష కూడా పెట్టండి. ఆ బిల్లులో ధర తగ్గిన సరుకు ఏదైనా ఉందా? ఉంటే తగ్గిన ధర వేశారా, పాతదే వేశారా? పెరిగితే కొత్త ధర, తగ్గితే పాత ధర అయితే వాళ్ల షరతు ఎంత ఏకపక్షమో ఆ ఒక్క వరుసే చెబుతుంది. షరతు మొత్తాన్నే అన్యాయమైన కాంట్రాక్టుగా కొట్టేయించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. మీకు అంత దూరం అవసరం లేదు. ఎక్కువ ధర వసూలు, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండు కారణాలు జిల్లా కమిషన్‌లోనే సరిపోతాయి.

న్యాయంగా ధర మారే సందర్భం ఒకటుంది, పన్ను. ఒప్పందం తర్వాత పన్ను మారితే, వేరేగా రాసుకోకపోతే, ఆ మేరకు ధర సర్దుకోవాలన్నది 1930 నాటి వస్తువిక్రయ చట్టం సెక్షన్ 64ఎ సూత్రం. అది రెండువైపులా పనిచేస్తుంది. 2025 సెప్టెంబరు 22న నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 20న ఆర్డర్ పెట్టి 23న సరుకు అందుకున్నవారు తగ్గిన పన్ను మేరకు ధర తగ్గించమని అడగడానికి ఈ సూత్రమే ఆధారం.

ఇదే అదనుగా ఒక హెచ్చరిక. వాళ్ల పొరపాటు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే దాన్ని పట్టుకుని వేలాడటం కుదరదు. 2003లో సింగపూర్‌లో 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్‌ను ఒక వెబ్‌సైట్‌లో పొరపాటున 66 డాలర్లుగా పెట్టారు. రాత్రికి రాత్రే కొందరు వందల కొద్దీ ఆర్డర్లు గుప్పించారు. అది పొరపాటని తెలిసే కొన్నారు కాబట్టి ఆ ఒప్పందం చెల్లదని అక్కడి న్యాయస్థానాలు తేల్చాయి. 685 రూపాయల నూనె డబ్బా అలాంటిది కాదు. మామూలు ధరే.

ఇక మీదట ఇలా జరిగితే గుమ్మంలోనే బిల్లును ఆర్డర్‌తో సరిచూసుకోండి. ధర పెరిగిన వస్తువును మాత్రమే వెనక్కి ఇచ్చి, బిల్లు మార్పించి మిగతావి తీసుకోండి. ఆ కుర్రాడితో గొడవ పడకండి. ధరలు వేసేది అతను కాదు. రద్దు చేస్తే ఛార్జీ పడుతుందని భయపెడితే, తాము ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అంతే ఛార్జీ భరించని సంస్థ మీ దగ్గర వసూలు చేయకూడదని ఈ-కామర్స్ నిబంధన 4 చెబుతోందని గుర్తుచేయండి. ముందే యూపీఐలో చెల్లించినవారికి ఈ బాధ తక్కువ, మళ్లీ మీరు ఆమోదించనిదే ఇంకో రూపాయి కదలదు. యాప్ సొంత వాలెట్‌లో డబ్బు ఉంచేవారే జాగ్రత్తగా ఉండాలి. తేడా అందులోంచి సద్దు లేకుండా కోసేసుకుంటారు.

ఇప్పుడు చేయాల్సింది. యాప్‌లో పాత ఆర్డర్ వివరాలు ఇంకా కనిపిస్తుంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి. కొన్ని యాప్‌లలో డెలివరీ అయ్యాక పాత అంకెలు పోయి కొత్తవే మిగులుతాయి. ఖరారు మెసేజ్, బిల్లు, నెయ్యి ప్యాకెట్ ఫొటో జతచేసి ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పంపండి. ఆ అధికారి పేరు, చిరునామా యాప్‌లో ఉండి తీరాలి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే వెనక్కి వస్తాయి.

నూట నలభై రూపాయల కోసం కమిషన్ మెట్లు ఎక్కమని నేను చెప్పను. ఇదే యాప్ నెలనెలా ఇదే పని చేస్తుంటే మాత్రం ఎక్కండి. జిల్లా కమిషన్‌లో రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ ఆఫీసు ఏ బెంగళూరులోనో ముంబైలోనో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. బిల్లు మీద జీఎస్టీ నంబరుతో ఉన్న అమ్మకందారునూ, యాప్ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

మెయిల్‌కు ఈ నమూనా వాడుకోండి. టమాటాల ప్రస్తావన కావాలనే ఇలా పెట్టాను, న్యాయమైనదాన్ని మీరే మినహాయిస్తే మిగతాదానికి బరువు వస్తుంది:

‘ఆర్డర్ నంబర్ (మీ నంబర్ వేయండి)కు మీరు ఖరారు చేసిన మొత్తం రూ.3,412. డెలివరీ సమయంలో వసూలు చేసింది రూ.3,553. టమాటాల బరువు తేడా రూ.4.80 మీద నాకు అభ్యంతరం లేదు. నూనె, కందిపప్పు, నెయ్యి ధరల పెంపు, ప్యాకింగ్ ఛార్జీ కలిపి రూ.136కు నా సమ్మతి తీసుకోలేదు. ఇందులో నెయ్యికి ముద్రించిన ఎంఆర్‌పీ కంటే రూ.15 ఎక్కువ తీసుకున్నారు, ప్యాకెట్ ఫొటో జతచేశాను. ఈ రూ.136 నా వాలెట్‌కు కాకుండా బ్యాంకు ఖాతాకు తిరిగి జమ చేసి, ఏ షరతు కింద వసూలు చేశారో రాతపూర్వకంగా తెలపండి.’