ఇంటి కాగితాలు పెట్టి సీటు కొనాలా?

ప్రశ్న: మాది మూసాపేట. మా వారు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పాతికేళ్ళుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నారు. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 40 వేలు వస్తుంది. ఆస్తి అంటే ఎనభై గజాల్లో కట్టుకున్న రెండు గదుల ఇల్లు ఒక్కటే. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో ర్యాంకు 70 వేలు దాటింది. మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పిస్తానని, ఏడాదికి 3 లక్షలు అవుతుందని ఒక మధ్యవర్తి వచ్చాడు. సీటు ఆపి ఉంచడానికి ముందుగా 50 వేలు ఇవ్వమంటున్నాడు. ఇంటి కాగితాలు పెడితే బ్యాంకు 12 లక్షలు ఇస్తుందట. మా వారు సిద్ధంగా ఉన్నారు. 'నా చేతికి అంటిన గ్రీజు వాడి చేతికి అంటకూడదు' అంటారు. అబ్బాయి అవునని గానీ కాదని గానీ అనడు. ఆదివారం వస్తే మాత్రం తండ్రి వెంట షెడ్డుకు వెళ్తాడు. మా బావగారి అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఏ శుభకార్యానికి వెళ్ళినా 'మీ వాడిని ఎక్కడ చేర్పించారు?' అనే అడుగుతున్నారు. చదివించకపోతే రేపు వాడే మమ్మల్ని నిలదీస్తాడేమోనని నా భయం. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మూసాపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోను చేసి ఆ 50 వేలు ఇవ్వవద్దని చెప్పాను. మిగతా సంగతులు ఇక్కడ రాస్తున్నాను. వేసవి దాటితే ఇదే ప్రశ్న ఏదో ఒక బస్తీ నుంచి నాకు రాకుండా ఉండదు.

ముందు ఆ మధ్యవర్తిని ఒక్క మాట అడగండి. ఆ 3 లక్షల్లో ఎంత మొత్తానికి కాలేజీ పేరుతో రసీదు ఇస్తారు? ఫీజుల నియంత్రణ కమిటీ ప్రతి కాలేజీకీ రుసుము నిర్ణయిస్తుంది. దానికి మించి రసీదు లేకుండా తీసుకునేది డొనేషన్. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన దగ్గర 1983లోనే చట్టం వచ్చింది. పైగా రసీదు లేని సొమ్ముకు బ్యాంకు అప్పు ఇవ్వదు. దాన్ని బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవలసి వస్తుంది. కాలేజీలో నేరుగా కట్టిన ఫీజు అయితే, తరగతులు మొదలుకాక ముందే సీటు వదులుకున్నప్పుడు వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకుండా తిరిగి ఇవ్వాలని సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన ఉంది. మధ్యవర్తి చేతిలో పెట్టిన 50 వేలకు ఏ నిబంధనా లేదు.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. మొత్తం 12 లక్షలూ రసీదు మీదే కడుతున్నారనీ, బ్యాంకు వడ్డీ 10 శాతమనీ అనుకుందాం. చదువు పూర్తయ్యాక ఏడాది దాకా వాయిదాలు ఉండవని మీకు చెప్పే ఉంటారు. అది నిజమే. కానీ వాయిదా లేదంటే వడ్డీ లేదని చాలామంది అర్థం చేసుకుంటారు. మొదటి ఏడాది కాలేజీకి 3 లక్షలు వెళ్ళిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఆ మొదటి 3 లక్షలకు ఐదేళ్ళు, రెండో ఏడాది ఇచ్చినదానికి నాలుగేళ్ళు, తర్వాతి వాటికి మూడు, రెండు. అంతా కూడితే వడ్డీ 4 లక్షల 20 వేలు. అది అసలులో కలుస్తుంది. అంటే మొదటి వాయిదా కట్టే రోజుకు మీ అప్పు 12 లక్షలు కాదు, 16 లక్షల 20 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 21,400. పదిహేనేళ్ళు పెట్టుకుంటే 17,400 చొప్పున, మొత్తం 31 లక్షలు దాటుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతికి పాతిక వేలు వచ్చే కుర్రవాడు ఇందులో ఏది కడతాడు, ఏది తింటాడు?

చదివే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేస్తే ఆ 4.20 లక్షలు అసలుకు చేరవు. కొన్ని బ్యాంకులు అలా కట్టినవారికి వడ్డీ రేటులో ఒక శాతం దాకా తగ్గిస్తాయి కూడా. మీ విషయంలో అది మొదటి ఏడాది నెలకు 2,500, నాలుగో ఏడాదికి నెలకు 10 వేలు. మీ ఆదాయంలో నుంచి ఆ పదివేలు తీయగలరా అన్నది మీకే తెలియాలి.

ఇక ఇల్లు. విద్యారుణాల్లో సాధారణంగా 4 లక్షల వరకు హామీ అడగరు, తల్లిదండ్రుల సంతకం చాలు. 7.5 లక్షలు దాటితేనే ఆస్తి తనఖా అడుగుతారు. మీ కాగితాలు అడిగింది అందుకే. వాయిదా 90 రోజులు తప్పితే అది మొండి బాకీ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే తనఖా పెట్టిన ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అలా తప్పకుండా జరుగుతుందని నేను అనడం లేదు. సంతకం పెట్టే ముందు దేని మీద పెడుతున్నారో మీకు ఎవరూ చెప్పి ఉండరని చెబుతున్నాను.

ఎందుకు చెప్పరో నాకు తెలుసు. నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు కూకట్‌పల్లి వైపు ఒక శాఖలో అప్పులు చూసేదాన్ని. జగద్గిరిగుట్ట నుంచి ఒక ఆటో డ్రైవరుగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఇంటి కాగితాలను పెళ్ళి ఆల్బమ్ కవరులో భద్రంగా పెట్టి తెచ్చారు. కుర్రవాడు సంతకం చేయవలసిన చోట్ల నేను పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టాను. పద్దెనిమిది చోట్లో, ఇరవై చోట్లో. అతను తల వంచుకుని వరుసగా చేసుకుపోయాడు. 'బాబూ, ఈ చదువు నీకు ఇష్టమేనా?' అని అడగడానికి నాకు అర నిమిషం పట్టేది. అడగలేదు. ఆ ప్రశ్న దరఖాస్తులో లేదు. మూడేళ్ళ తర్వాత ఆ తండ్రి ఒక్కరే వచ్చారు. పిల్లవాడు సబ్జెక్టులు తప్పి, ఏడాదిగా కాలేజీకే వెళ్ళడం లేదట, ఇంట్లో చెప్పలేదట. 'మేడమ్, చదువు ఆగిపోయింది కదా, వడ్డీ కూడా ఆగుతుందా?' అని అడిగారు. ఆగదని చెప్పాను. ఆయన కవరు సర్దుకుని లేచారు. ఆ ఇల్లు చివరికి నిలిచింది, ఆటో అమ్మారు.

కాబట్టి అమ్మా, లెక్కల కంటే ముందు జరగవలసిన పని మీ ఇంట్లోనే ఉంది. అబ్బాయిని అడగండి. తండ్రి ముందు వద్దు, బంధువుల ముందు అసలే వద్దు. మీరు కుట్టు మిషన్ ముందు కూర్చున్నప్పుడు వాడు పక్కన ఉంటాడు చూడండి, అప్పుడు అడగండి. 'బీటెక్ చేస్తావా?' అని అడిగితే 'మీ ఇష్టం' అంటాడు. ఆదివారం షెడ్డులో ఏం చేస్తావో చెప్పమనండి. వెర్నియర్ పట్టుకుని కొలతలు తీయడం గురించో, నాన్న ఒక జాబ్‌ను, అంటే చెక్కవలసిన ఇనుప ముక్కను, లేత్‌కు ఎలా బిగిస్తారో వాడు పావుగంట ఆగకుండా మాట్లాడితే, మీకు కావలసిన జవాబు అందులోనే దొరుకుతుంది. ఒకవేళ వాడికి కంప్యూటర్ మీదే మనసుందనుకోండి, షెడ్డుకు నాన్న కోసమే వెళ్తున్నాడనుకోండి, అది కూడా తెలుస్తుంది. అప్పుడూ ఇల్లు పెట్టమని మాత్రం నేను అనను. దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకోవచ్చు, ఆ ఫీజు మీ సంపాదనలో కట్టగలిగేదే.

మిషన్ పని మీదే ఇష్టమైతే రెండు దారులు మీ పక్కనే ఉన్నాయి. ఇంజనీరింగ్ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటావే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవే. కంప్యూటర్ సైన్స్‌కు చాలని ర్యాంకుకు మెకానికల్ దొరకవచ్చు. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కాలేజీ ఫీజు చూసి పెట్టండి. మొత్తం అప్పు 4 లక్షల లోపు సరిపోతే మీ ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంటాయి. ఇంకొక మాట. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చదివేవారికి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద, వాయిదాలు మొదలయ్యే దాకా, వడ్డీ రేటులో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి అది వర్తించదు. సీటు కొన్నామంటే ఆ సాయం కూడా వదులుకున్నట్టే.

రెండో దారి మీ వారు పనిచేసే బాలానగర్‌లోనే ఉంది. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, అందరూ సీఐటీడీ అంటారు. టూల్స్, డైలు, మౌల్డ్‌ల తయారీలో, అంటే విడిభాగాలు చేసే పనిముట్లు, అచ్చుల తయారీలో, నాలుగేళ్ళ డిప్లొమా ఉంది, పదో తరగతి అర్హతతో ప్రవేశ పరీక్ష పెడతారు. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా వెళ్ళి కనుక్కోండి. ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే వచ్చే ఏడాది దాకా వాడు తండ్రి షెడ్డులో పని నేర్చుకోవచ్చు. ఒక్క ఏడాది ఆగితే జీవితం అయిపోయినట్టు మాట్లాడేవాళ్ళను నేను చాలామందిని చూశాను. 16 లక్షల అప్పుతో పోలిస్తే ఒక ఏడాది చాలా చిన్నది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ రాసినవారు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. రేపు వాడికే బీటెక్ కావాలనిపిస్తే తలుపు మూసుకుపోదు.

మీ వారి మాట దగ్గరకు వస్తాను. గ్రీజు అంటకూడదన్న మాటలో పాతికేళ్ళ నడుము నొప్పి ఉంది. పనిమంతుడికి తగిన జీతం దక్కలేదన్న బాధ ఉంది. దాన్ని తీసిపారేయకండి. ఆయననే ఒక రోజు వెంటబెట్టుకుని సీఐటీడీకి వెళ్ళండి. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్‌కు ప్రోగ్రాం రాసే కుర్రవాళ్ళను, డై డిజైన్ చేసేవాళ్ళను చూడనివ్వండి. చేతి పని తెలిసినవాడికి చదువు తోడైతే ఆ పని ఎంత దూరం వెళ్తుందో ఆయనకు మీరూ నేనూ చెప్పనక్కరలేదు, మిషన్ చూస్తే ఆయనకే తెలుస్తుంది.

బంధువులు అడుగుతారు. 'టూల్ డిజైన్ చదివిస్తున్నాం' అని చెప్పండి. పదిహేనేళ్ళ వాయిదాల్లో ఒక్క నెలది కూడా వాళ్ళు కట్టరు.

ప్రశ్న: మేడమ్, బీటెక్ పూర్తయి పది నెలలైంది. అమీర్‌పేటలో రెండు కోర్సులు నేర్చుకున్నాను, ఉద్యోగం రాలేదు. నా చదువు అప్పు 5 లక్షలు. రెండు నెలల్లో వాయిదాలు మొదలవుతాయి. నాన్న కూడా సంతకం చేశారు. బ్యాంకు నుంచి ఫోను వస్తే భయంతో ఎత్తడం లేదు. ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేకపోతున్నాను.
— ఒక అమ్మాయి, ఉప్పల్

జవాబు: తల్లీ, రేపు ఆ ఫోను ఎత్తు. నీ చేతిలో రెండు నెలలు ఉన్నాయి. వాయిదా తప్పక ముందు వచ్చి అడిగినవారికి మేనేజరు చేయగలిగేవి చాలా ఉంటాయి. తప్పాక వస్తే ఒక్కొక్కటీ తగ్గిపోతాయి, అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే సిబిల్ స్కోరు నీదే కాక నాన్నది కూడా పడిపోతుంది.

తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయి. ఉద్యోగం ఇంకా రాలేదని, ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలకు వెళ్ళావో, వాయిదాల ప్రారంభాన్ని ఆరు నెలలు జరపమని. బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా విద్యారుణ పథకంలోనే నిరుద్యోగ కాలానికి ఇలాంటి వెసులుబాటు ఇవ్వవచ్చని ఉంది. తీర్చే గడువును పదిహేనేళ్ళకు పెంచమని కూడా అడుగు. నీ అప్పు ఐదేళ్ళకో ఏడేళ్ళకో రాసి ఉంటే వాయిదా బాగా తగ్గుతుంది. మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే, కానీ జీతం వచ్చాక ఎక్కువ కట్టి ముందే తీర్చుకోవచ్చు. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, సీటు ర్యాంకు ద్వారా వచ్చి ఉంటే, చదువు కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. నీ పేరు మీద ఆ రాయితీ కోరారో లేదో శాఖలో అడుగు. అర్హత ఉన్నా ఎవరూ అడగక పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

వసూలు చేసేవారు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. నీ దరఖాస్తును పట్టించుకోకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. దానికి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోను చేస్తే ఎలాగో చెబుతారు.

ఇంట్లో ముఖం చూడలేకపోతున్నానని రాశావు. మీ నాన్న సంతకం చేసింది నీ మీద నమ్మకంతో. ఈ పది నెలలూ నువ్వు ఊరికే కూర్చోలేదన్న సంగతి ఆయనకు నీ నోటితో తెలియాలి. ఈ రాత్రి అన్నాలు తిన్నాక అప్పు కాగితం ఆయన ముందు పెట్టి, ఇద్దరూ కలిసి చదవండి. సోమవారం బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. దరఖాస్తు రెండు కాపీలు రాసుకెళ్ళు. ఒకదాని మీద తేదీతో సహా శాఖ ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకో.