చీటీ పాడకండి, ల్యాప్‌టాప్ దసరాకి కొనండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వారికి చిన్న కిరాణా కొట్టు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా అబ్బాయికి గుణుపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, హాస్టల్లో చేరాడు. చదువుకీ, కాస్త ఆటలకీ పనికొస్తుందని 68 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతున్నాడు. చేతిలో 30 వేలున్నాయి. లక్ష రూపాయల చీటీ, 20 నెలలది, 9 వాయిదాలు కట్టాం. అది రెండో ఏడు ఫీజు కోసం వేసుకున్నది. చీటీ పాడేయమంటారా? లేక వడ్డీ లేని ఈఎంఐ అంటున్నారు కదా, అది తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ముఖ్యంగా చీటీ జోలికి పోకండి.

ఇప్పుడు పాటకి దిగి 15 వేలు వదులుకున్నారనుకుందాం. చేతికొచ్చేది 85 వేలు. అందులో 68 వేలు ల్యాప్‌టాప్‌కి పోతే మిగిలేది 17 వేలు. కట్టాల్సిన వాయిదాలు మాత్రం ఇంకా 11 అలాగే ఉంటాయి. వచ్చే ఏడాది ఫీజు కట్టే రోజున మళ్ళీ ఎవరి గుమ్మం తొక్కుతారు? మీరు ఒక్కో జాకెట్టు కుట్టి కూడబెట్టిన చీటీ అది. దాని పేరు ఫీజు, ఫీజుకే పోనివ్వండి.

ఇక ఈఎంఐ. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. జరిగేదేమిటంటే, రొక్కం ఇస్తే దొరికే తగ్గింపు ఈఎంఐలో మీకు రాదు. అందుకే షాపులో మొదట అడగాల్సింది ‘మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారు?’ అని. 68 వేలది 64,500కి ఇస్తామంటే ఆ 3,500 వడ్డీయే. పైగా క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే బ్యాంకు వేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. మామూలు ఈఎంఐ అయితే, 68 వేలు 15 శాతం వడ్డీకి 24 నెలలు పెడితే నెలకు సుమారు 3,300. అంతా కలిపి 79 వేలు దాటుతుంది. చీటీ వాయిదా కడుతూ ఇదీ కట్టాలంటే, కొట్లో సరుకు తెచ్చే డబ్బుకి కోత పడుతుంది.

మరి బాబుకి ఏం కొనాలి? ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, వీలైతే వాడికే చదివి వినిపించండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆటల బొమ్మల్ని తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటుంది. డబ్బు ఎక్కువ పోయేది దానికే. బరువు రెండు కిలోల పైనే, చార్జరు ఇటుకంత. మా మేనల్లుడు అలాంటిదే మోసుకుంటూ కాలేజీకి వెళ్ళేవాడు. రెండో క్లాసు అయ్యేసరికి బ్యాటరీ ఖాళీ. ప్లగ్గు దగ్గర బెంచీ కోసం పావుగంట ముందే పరుగెత్తేవాడు. చివరికి దాన్ని హాస్టల్ గదిలోనే వదిలేసి నోటుబుక్కు పట్టుకెళ్ళాడు.

తేలికపాటి ఆటలకి అంత అవసరం లేదు. ప్రాసెసరు, అంటే ల్యాప్‌టాప్ మెదడు, రైజెన్ 5 గానీ, కోర్ ఐ5 గానీ ఉండి, 16 జీబీ ర్యామ్ (పని చేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు దాచుకునే చోటు) ఉన్నది చూడండి. ఇలాంటి ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ చక్కగా ఆడతాయి. జీటీఏ 5 కూడా సెట్టింగులు తగ్గించుకుంటే నడుస్తుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు నడవవు, ఆ మాట బాబుకి ముందే చెప్పండి. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి 45 వేలు, మరీ అయితే 48 వేలు గీత గీసుకుని అందులోనే వెతకండి.

షాపువాళ్ళు చెప్పని సంగతొకటి. ఈ లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటాయి. ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే సగం దారి మూసేసినట్టే. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అయితే ఒకే ముక్క ఉన్నప్పుడు తన పూర్తి బలమే చూపించదు. 8 జీబీవి రెండు ఉండాలి. ఒకటే ఉంటే రెండోది వేసుకునే ఖాళీ స్లాట్ ఉండాలి. తెర ఐపీఎస్ రకం, అంటే పక్కనుంచి చూసినా రంగులు సరిగ్గా కనిపించేది, అయి ఉండాలి, నాలుగేళ్లు కళ్ళు పెట్టి చూడాల్సింది కదా.

పాతది కొనే ఆలోచన ఉంటే, విండోస్ 11 ఎక్కేదే తీసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇప్పుడు డబ్బు. మీ దగ్గర 30 వేలున్నాయి, ఇంకో 15 వేలు కావాలి. మొదటి సెమిస్టరు సీ ప్రోగ్రామింగ్‌కి కాలేజీ ల్యాబు సరిపోతుంది. దసరా ముందు మీకు కుట్టుపని ఎలాగూ ఎక్కువుంటుంది, ఆ డబ్బు పక్కన పెట్టండి. పండుగ తగ్గింపులూ అప్పుడే. అయిదారు వేలు తక్కువ పడితే ఆ కాస్తకే మూడు నెలల ఈఎంఐ పెట్టుకోండి, తప్పులేదు. ఒకవేళ విద్యారుణం తీసుకుని ఉంటే బ్రాంచీలో అడగండి. కోర్సుకి అవసరమైన కంప్యూటరు ఖర్చు అందులో కలపొచ్చు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కకొస్తుందని గుర్తుంచుకోండి.

శ్రీకాకుళంలో కొంటే పన్ను తక్కువని మన వైపు ఇంకా అంటుంటారు. 2017 జూలై నుంచి ల్యాప్‌టాప్‌కి ఆంధ్రలో అయినా ఒడిశాలో అయినా జీఎస్టీ ఒకటే, 18 శాతం. ధర ఎక్కడ తక్కువైతే అక్కడే కొనండి. కొట్టు జీఎస్టీ నంబరు మీద బిల్లు రాయించి పన్ను వెనక్కి తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చదువుకోసం ఇంటి మనిషి వాడే వస్తువుకి అది చెల్లదు. బిల్లు బాబు పేరునే ఉండాలి. ఆన్‌సైట్ వారంటీ అన్నప్పుడు మీ పిన్‌కోడ్, గుణుపురం పిన్‌కోడ్ రెండూ చెప్పి, మనిషి ఇంటికొస్తాడో, మీరే మోసుకెళ్ళాలో డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

దసరా సెలవులకి బాబు గుణుపురం బండిలో ఇంటికొస్తాడు కదా, వాణ్ణి వెంటబెట్టుకునే షాపుకి వెళ్ళండి. ల్యాప్‌టాప్ ఆన్ చేయించి, విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవమనండి. ‘స్లాట్స్ యూజ్డ్’ అన్నచోట రెండింటికి రెండు కనిపిస్తే డబ్బు తియ్యండి. ఒకటే కనిపిస్తే, రెండో ముక్క వేసి ఎంతకిస్తారో అడగండి.