పాత హామ్ రేడియో కొని మోసపోయాను, చీటింగ్ కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా గ్రూపులో పది మందిమి జీపులేసుకుని నెలకోసారి అడవి దారులకు వెళ్తుంటాం. సిగ్నల్ అందని చోట బండికీ బండికీ మాట్లాడుకోవచ్చని, ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఒకాయన దగ్గర పాత హామ్ రేడియో 32,000 రూపాయలకు కొన్నాను. 2024 నవంబర్ 9న యూపీఐలో డబ్బు పంపాను. వారానికి కొరియర్‌లో సెట్ వచ్చింది. బండిలో పెట్టించి మాట్లాడే బటన్ నొక్కగానే ఫ్యూజు కొట్టేసింది. ఫ్యూజు మార్చాక అవతలి మాట వినపడుతోంది కానీ నా మాట పోవడం లేదు. అడిగితే సగం డబ్బు ఇస్తానని వాయిస్ మెసేజ్ పెట్టాడు, తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. ఇంట్లో మా ఆవిడ ముందు, గ్రూపులో అందరి ముందు పరువు పోయింది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చీటింగ్ కేసు పెట్టాలా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలా? గ్రూపులో హామ్ లైసెన్సు ఉన్న అన్న ఒకరున్నారు. ఆయనే కొన్నట్టు పాత తేదీతో కాగితం రాయించుకుంటే కేసు గట్టిగా ఉంటుందని మావాళ్లు అంటున్నారు. చాటింగ్ స్క్రీన్‌షాట్లు, ఫోటోలు జతచేశాను.

జవాబు: పరువు సంగతి తర్వాత. మీ ఉత్తరంలో ఒక్క ముక్క కోసం వెతికాను: డబ్బు పంపిన రోజుకు మీకు హామ్ లైసెన్సు, అంటే సరదా కోసం రేడియోలో మాట్లాడుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉందా? మీరు రాయలేదు. స్క్రీన్‌షాట్లలో దొరికింది. నవంబర్ 8 రాత్రి మీరే అడిగారు: “నాకు లైసెన్స్ లేదు బ్రో, ప్రాబ్లం ఏం రాదు కదా?” అతని జవాబు: “అడవిలో ఎవరు చూస్తారు బ్రో.” దాని కింద మీరు బొటనవేలి బొమ్మ పెట్టారు. తెల్లారి డబ్బు పంపారు. సెట్ పనిచేసిందా లేదా అన్నది కాదు, మీ కేసును తేల్చేది ఈ మూడు లైన్లే.

టీవీ, మిక్సీ కొన్నట్టు వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ కొనడానికి లేదు. వాడటం మాట అటుంచి, లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే తప్పు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 3వ సెక్షన్ ఆ మాటే చెప్పింది. ట్రాన్స్‌మిటర్ అయితే 6వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వకండి, జైలు మాట కూడా పక్కనే ఉంది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికి అనుమతి ఉండాలనే అంటుంది. పాత చట్టం చూసినా కొత్తది చూసినా మీకు ఊరట లేదు.

మీ కొనుగోలు ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ దగ్గరే ఆగిపోతుంది. చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. “చెల్లకపోతే నా డబ్బు నాకు రావాలి కదా” అంటారు. 65వ సెక్షన్ అలాంటి దారి చూపిస్తుంది కానీ, ఒప్పందం చెల్లదని తర్వాత తెలిసినవాళ్లకే అది. మొదటినుంచీ తెలిసే దిగినవాళ్లకు ఆ సెక్షన్ వర్తించదని 1974లో కుజు కాలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. “లైసెన్స్ లేదు బ్రో” అని మీరే రాసుకున్నాక, నాకు తెలియదని ఏ జడ్జి ముందు చెబుతారు?

చీటింగ్ కేసు సంగతి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఫిర్యాదు ఇచ్చారనుకోండి. పోలీసులు మొదట చేసే పని ఆ సెట్‌ను స్వాధీనం చేసుకోవడం. పంచనామాలో ‘ఎవరి వద్ద నుంచి’ అన్నచోట ఎవరి పేరు రాస్తారు? మీదే. అతనిమీద ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లి మీమీద వాంగ్మూలం ఇచ్చి వస్తారు.

పోనీ మోసం రుజువవుతుందా? మొదటినుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ప్రకటనలో ‘ఫుల్ వర్కింగ్, అన్‌లాక్ చేసి ఉంది’ అని ఉంది. సెట్ వచ్చిన రోజు మీరు దాన్ని ఎవరి దగ్గరా పరీక్ష చేయించలేదు. మీరు పంపిన బండి ఫోటో నాకు తెలిసిన ఒక హామ్‌కు, అంటే ఆ లైసెన్సున్న మనిషికి, చూపించాను. చూడగానే తల పట్టుకున్నాడు. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి సన్నటి తీగ లాగి సెట్‌కు కరెంటు ఇచ్చారు. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు దాదాపు పది ఆంపియర్లు లాగుతుందట. నేరుగా బ్యాటరీ నుంచి లావు తీగ, మధ్యలో ఫ్యూజు వేసి తెచ్చుకోవాలట. ఏరియల్ సరిగ్గా కుదరకుండా బటన్ నొక్కినా లోపలి పవర్ భాగం కాలిపోవచ్చట. ఇక అవతలి లాయరు అడగడానికి ప్రశ్నలకు కొదవేముంది? “మా క్లయింటు పంపింది మంచి సెట్టే, మీరే తగలబెట్టుకున్నారు” అంటాడు. కాదనడానికి మీ దగ్గర ఒక్క కాగితం లేదు. సెట్ వెనక సీరియల్ నంబరు ఫోటో కూడా తీయలేదు. 32 వేలు ముక్కూమొహం తెలియని మనిషికి పంపే ముందు, పది నిమిషాలు వీడియో కాల్‌లో ఆ సెట్ పనిచేయించి చూపించమని అడగలేకపోయారా?

ప్రకటనలోని ఆ ‘అన్‌లాక్’ అన్న మాట కూడా మీకు పనికొస్తుందనుకోకండి. హామ్‌లకు ఇచ్చిన బ్యాండ్లు దాటి వేరేవాళ్ల ఫ్రీక్వెన్సీల్లో కూడా మాట్లాడేలా సెట్‌ను మార్చారని దానర్థం. అది మీ సాక్ష్యం కాదు, మీమీద సాక్ష్యం.

వినియోగదారుల కమిషన్ గురించి. సొంత పాత వస్తువును ఒకసారి అమ్ముకున్న మనిషి వ్యాపారి కాడు, కాబట్టి అది వినియోగదారుల వివాదం కాదు. అదే ఖాతాలో అతను వరసగా సెట్లు అమ్ముతున్నాడని ప్రకటనలు దొరికితే కథ మారుతుంది. అప్పుడు కూడా లైసెన్సు ప్రశ్న వెంటే వస్తుంది. గడువు మాత్రం గుర్తుంచుకోండి. కమిషన్‌కు రెండేళ్లు, అంటే 2026 నవంబర్‌తో సరి. సివిల్ దావాకు మూడేళ్లు, 2027 నవంబర్. నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. “సగం ఇస్తా” అన్న వాయిస్ మెసేజ్‌తో గడువు పొడిగిందనీ అనుకోకండి. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ అడిగేది రాతపూర్వకంగా, సంతకంతో ఒప్పుకున్న బాకీని.

ఇప్పుడు మీ గ్రూపువాళ్ల సలహా. పాత తేదీతో కాగితం రాయించారా, ఇప్పటిదాకా మీరు చేసినదానికంటే పెద్ద తప్పు అదే అవుతుంది. డబ్బు పోయింది మీ ఖాతా నుంచి, కొరియర్ వచ్చింది మీ అడ్రసుకు, చాటింగ్ చేసింది మీ నంబరు. ఈ మూడూ ఒక మాట చెబుతుంటే కాగితం ఇంకో మాట చెబుతుంది. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టించడం న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద నేరం, ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాపం, బుద్ధిగా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న ఆ అన్నను కూడా మీతోపాటు ఈడుస్తారు. ఆ రాత్రి మెసేజ్‌ను డిలీట్ చేద్దామన్న ఆలోచన కూడా వచ్చే ఉంటుంది. వద్దు. అవతలి ఫోన్‌లో అది భద్రంగా ఉంది. సాక్ష్యం అందకుండా రికార్డు చెరిపేయడం 241వ సెక్షన్ కింద మరో నేరం. పైగా చాటింగ్‌ను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సింది మీరే.

చేయాల్సింది చెబుతాను. ఈ రోజే ఆ సెట్‌ను బండిలోంచి తీయించి, పవర్ తీగ, ఏరియల్ విడదీయండి. రిపేరు చేయించి ఇంకొకరికి అమ్మేద్దామనుకోకండి, అప్పుడు అతని స్థానంలో మీరుంటారు. వెనక సీరియల్ నంబరు చూడండి. గీకేసి ఉంటే అది దొంగ సరుకు కావచ్చు, అప్పుడు లాయరుతో మాట్లాడకుండా ఇంకో అడుగు వేయకండి.

సీరియల్ నంబరు చెక్కుచెదరకుండా ఉంటే మీకు ఒక దారి ఉంది. ప్రకటనలో అతను తన కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, వేసుకున్నాడు. అంటే లైసెన్సున్న హామ్. లైసెన్సు లేని మనిషికి ట్రాన్స్‌మిటర్ అమ్మిన సంగతి టెలికం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం దాకా వెళ్లడం అతనికీ ఇష్టం ఉండదు. లాయరు ద్వారా మర్యాదగా ఒక ఉత్తరం పంపండి: సెట్ వెనక్కి తీసుకోండి, డబ్బు ఇవ్వండి, ఇచ్చిపుచ్చుకున్నట్టు ఆ రోజు తేదీతోనే రాసుకుందాం. “ఇవ్వకపోతే పట్టిస్తా” అన్న మాట అందులో ఉండకూడదు, ఫోన్‌లోనూ అనకండి. అది న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బెదిరించి డబ్బు గుంజడం అనిపించుకుంటుంది. నా లెక్కన సగం వచ్చినా తీసుకుని బయటపడండి. అతను కదలకపోతే, లైసెన్సున్న ఆ అన్నకే, నిజమైన తేదీతో రసీదు రాసి, ఊరికే ఇచ్చేయండి. 32 వేలు పోతాయి. కేసు వేస్తే అంతకంటే ఎక్కువే పోతుంది.

హామ్ సెట్ కావాలంటే లైసెన్సు అంత కష్టమేమీ కాదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాస్తున్నారు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టు లైసెన్సుకు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు, 50 వాట్ల వరకు వాడుకోవచ్చు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. నేర్పడానికి హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. పాసయ్యాక లైసెన్సు చేతికి రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. అయితే మీ ఒక్కరికి వస్తే చాలదు, అవతలి బండిలో మాట్లాడేవాళ్లకూ ఉండాలి. పది మందీ రాయరు కాబట్టి, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ పవర్ వాకీటాకీలు చూడండి. 2018 నిబంధనల ప్రకారం వాటికి లైసెన్సు అక్కర్లేదు, కానీ ఆ మోడల్‌కు ఈటీఏ (పరికరం రకానికి టెలికం శాఖ ఇచ్చే) ఆమోదం ఉందో లేదో బిల్లు కట్టేముందే అడగండి. కొండ దాటితే అవి అందవు, ఒక బండి నుంచి ముందు బండికి చాలు.

ఉత్తరం రాయించుకోవడానికి లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్ పట్టుకెళ్లండి, యూపీఐ రసీదు, కొరియర్ స్లిప్పు పట్టుకెళ్లండి. సెట్ మాత్రం పట్టుకెళ్లకండి.